మనిషి పడకూడని పన్నెండు ఫోటోలు

ముప్పై ఏళ్లుగా ప్రియదర్శిని జహీరాబాద్ వాళ్ల గదుమలు పట్టుకుని పైకెత్తుతోంది. పాస్‌పోర్టుకు గానీ, పెళ్లిచూపులకు గానీ, గోడకు పటం కట్టించుకోవడానికి గానీ, ఎందుకొచ్చినా సరే, పీటర్ ఫోటో స్టూడియోలోని ఆ ఇనుప స్టూలు మీద కూర్చున్నాక తహసీల్దారైనా, అల్లం తవ్వే కూలీ అయినా ఆమె వేలికొసకు లొంగాల్సిందే. "గదుమ జర పైకి. గంత పైకి గాదు, కోడి నీళ్లు తాగినట్టున్నది" అని ఎంత పెద్దమనిషితోనైనా మొహం మీదే అనేస్తుంది. ఆ మాటకు అలిగి వెళ్లిపోయినవాళ్లు ఇంతవరకూ లేరు. అలిగినా ఆ మొహంతోనే ఫోటో తీసి షోకేసులో పెడుతుందని అందరికీ తెలుసు.

పీటర్ ఆమె తండ్రి. ఆయన పోయేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఆడపిల్ల దుకాణం ఏం నడుపుతుంది, మూసేద్దామని చుట్టాలంతా కూర్చుని తీర్మానం చేశారు. మర్నాడు పొద్దున ఆమె షట్టర్ ఎత్తి, ఆ తీర్మానం చేసిన చుట్టాలనే వరసగా నిలబెట్టి గ్రూప్ ఫోటో తీసింది. అందరి కళ్లూ తెరుచుకుని పడిన ఫోటో ఆ వంశంలో అదే మొదటిది. ఆ తర్వాత మూసే మాట ఎవరూ ఎత్తలేదు.

కంప్యూటర్లు వచ్చాక ఆమెకు మరో విద్య అబ్బింది. మనుషుల్ని మాయం చేయడం. ఒకరింట్లో అల్లుడు తగాదా పడి వెళ్లిపోతే, పెళ్లి ఆల్బంలో అతన్ని ఊడబెరికి ఆ చోట అరటిచెట్టు నిలబెట్టింది. ఏడాది తిరక్కుండా అల్లుడు తిరిగొచ్చి కాపురం చేసుకుంటే, అరటిచెట్టు పీకి మళ్లీ అల్లుణ్ణి నాటింది. ఎప్పుడో పోయిన తాతల చేత మనవరాళ్ల పెళ్లిళ్లలో అక్షింతలు వేయించింది. ఇదంతా ఆమెకు చేయి తిరిగిన పని, కునుకు తీస్తూ కూడా చేయగలదు.

చేయలేనిది ఒక్కటే. మొహం లేనిదాన్ని ఆమె ఎన్నడూ ఫోటో తీయలేదు. చెట్టు, గుట్ట, మబ్బు, ఇవేవీ స్టూడియోకు నడిచి రావు కదా. లోలోపల ఆమెకు ఆ వెలితి ఉండేది. మొహాలు దాటితే తనకేమీ చేతకాదేమోనన్న భయం కూడా ఉండేది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, భర్త చందర్‌కు సైతం.

ఆ భయాన్ని అందరి ముందూ గిల్లినవాడు జగదీశ్.

ప్రియదర్శిని వాళ్ల చర్చి సంఘం ఏటా కొత్త సంవత్సరానికి క్యాలెండర్ వేస్తుంది. నెలకో కాగితం, పైన బైబిలు వాక్యం, కింద తేదీలు, నడుమ మంచుకొండ. ఆ కొండలు ఏ దేశానివో వేయించేవాళ్లకే తెలియదు. మే నెలలో చెమటలు కక్కుతూ విసనకర్ర ఊపుకునే జనం ఇళ్లలో, గోడ మీద మాత్రం మోకాలి లోతు మంచు. అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘ కార్యదర్శి జగదీశ్ ప్రెస్సు నుంచి తెచ్చిన కొత్త మంచుకొండలను అందరికీ చూపిస్తున్నాడు. ఆయన బడిలో లెక్కల సారు. బడి వదిలాక బావమరిదితో కలిసి కొనేవాళ్లకు ప్లాట్లు చూపిస్తుంటాడు. టీ తాగుతున్న ప్రియదర్శిని నోరు ఊరుకోలేదు.

"మన దిక్కు ఒక్క మంచి జాగ లేదా? ఏటేటా గీ ఐసుగడ్డలేనా?"

"ఏమున్నదక్కా మన దిక్కు? హైవే, లారీలు, చెరుకు బండ్లు" అన్నాడు జగదీశ్. "అయినా ఫోటోలెవలు తీస్తరు? నువ్వా? గుట్టను తీస్కొచ్చి స్టూలు మీద కూసోవెడ్తవా?"

అందరూ విరగబడి నవ్వారు. పాస్టర్ వెస్లీ అయ్యగారు కూడా మూతికి కప్పు అడ్డం పెట్టుకున్నారు. ప్రియదర్శినికి ఒళ్లు మండింది.

"పన్నెండు తీస్త. నవంబర్ ఆఖరి ఆదివారం బల్ల మీద వెడ్త. చూస్కో."

"సరే. కాని ఒక్క మనిషి పడొద్దు" అన్నాడు జగదీశ్.

ఆ షరతు వెనుక పెద్ద కథే ఉంది. మూడేళ్ల కిందట సంఘస్థుల గ్రూప్ ఫోటోలతో క్యాలెండర్ వేశారు. కాగితం అంచున ఒక పెద్దాయన మొహం సగం తెగింది. ఆయన ఏడు నెలలు చర్చి గడప తొక్కలేదు. ఇంకొకావిడ కార్యదర్శి భార్య మొహం రెండు నెలల్లో పడిందనీ, తనది ఒక్క నెలలోనే పడిందనీ లెక్కలు తీసి, లెక్కల సారుకే అప్పజెప్పింది. ఆ దెబ్బకు క్యాలెండర్ మీద నరమానవుడు కనిపించరాదని జగదీశ్ తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు దాని కింద ఇంకో వరస చేర్చాడు. ప్రియదర్శిని ఫోటోల్లో ఒక్కదాంట్లో మనిషి పడ్డా మంచుకొండే ఖాయం.

నవంబర్ ఆఖరి వారందాకా పెళ్లిళ్ల ఆర్డర్లు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. చివరికి శుక్ర, శనివారాలు రెండే మిగిలాయి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే చందర్ సెలవు పెడతానన్నాడు.

"నేనొస్త. ఒక్కదానివి యాడికని పోతవ్?"

"నువ్వొస్తే మిర్చీల బండి కనవడ్డకాడల్లా ఆగుతం. నాకు పన్నెండు మిర్చీల బండ్ల ఫోటోలొస్తయి" అని స్కూటీ తాళం తీసుకుంది. ముక్కాలి స్టాండును పాత చున్నీతో సీటుకు కట్టింది. డబ్బాలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి పెట్టుకుంది. తెల్లారుతుండగా కోహీర్ దారి పట్టింది.

హైవే మీద లారీల రొద వెనకబడ్డాక, ఆమె మొదటిసారి బండి ఆపి చుట్టూ చూసింది. ఎర్రటి నేల మీద పల్చగా పొగమంచు. దూరంగా చెరుకుతోట, దాని నెత్తిన అప్పుడే పైకొస్తున్న సూర్యుడు. ఇంత వెలుతురు ఊరికే నేల మీద పడిపోతుంటే, తాను ముప్పై ఏళ్లు రెండు గొడుగు దీపాల కింద బతికానా అనిపించింది. కెమెరా బిగించి, కన్ను ఆనించి, అలవాటు కొద్దీ చెరుకుతోటతో "గదుమ జర పైకి" అంది. అని, తనలో తాను పొట్ట పట్టుకుని నవ్వుకుంది.

మొదటి ఫోటో చిటికెలో వచ్చింది. రెండోదానికే తెలిసింది అసలు తిప్పలు ఏమిటో. మన దగ్గర మనిషి లేని చోటును వెతికి పట్టుకోవచ్చు గానీ, అక్కడ కెమెరా పెట్టాక ఆ చోటు మనిషి లేకుండా ఉండదు. గట్టు వెనకనుంచి ఒకరు, చెట్టు దిగి ఒకరు, బస్సులో పోతూ దిగిపోయి మరొకరు. వచ్చినవాళ్లు ఊరికే ఉండరు. తల దువ్వుకుని, చేతులు కట్టుకుని, సరిగ్గా నడిమధ్యన నిలబడతారు. పైగా "మా చెల్లె పెండ్లి ఫోటోలు నువ్వే తీసినవ్ గదక్కా" అని చుట్టరికం కలుపుతారు. కసురుకుంటే రేపు ఆ ఇంటి ఆర్డర్ పోతుంది.

కోహీర్ దగ్గర జామతోట కాపలా ఉండే ఈరయ్య అయితే చెట్టుకింద మంచం మీదినుంచి కదలనన్నాడు.

"చెట్టు కంటే నేనే మంచిగ పడ్త. పన్నెండేండ్ల సంది ఈ చెట్టు కిందనే ఉన్న."

ప్రియదర్శిని ఒక్క క్షణం ఆలోచించింది. "నువ్వు పడుడు పెద్ద ముచ్చటేం గాదు తాతా. కాని ఎండకు కెమెరా ఖరాబైతున్నది. గొడుగు పట్టుడు అందరికి రాదు. చెయ్యి వణకని మనిషి గావాలె."

ఈరయ్య మంచం దిగాడు. "నా చెయ్యి వణకదు" అని వచ్చి కెమెరా వెనక గొడుగు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు. కిటుకు దొరికింది. అప్పటినుంచి ఎవరు చట్రంలోకి వచ్చినా ఆమె ఏదో ఒక ఉద్యోగం ఇచ్చి తన వెనక్కి లాగేసింది. ఒకరికి సంచీ, ఒకరికి లెన్సు మూత, ఇంకొకరికి గాలి ఎటు వీస్తోందో చెప్పే పని. మధ్యాహ్నానికి ముందు వైపు ఖాళీ పొలం, వెనక వైపు జాతర. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరు ఫోటోలు, ఒళ్లో ఈరయ్య ఇచ్చిన జామకాయలు. ఎన్నేళ్లయిందో ఆమె అంత సంతోషంగా అన్నం తిని.

శనివారం న్యాల్‌కల్ వైపు వెళ్లింది. ఇటు నేల నల్లబడింది. నడుమెత్తు జొన్న, శనగ మొలకలు, దారి దిగువన మంజీర నీళ్ల మీద మబ్బుల నీడలు. దుకాణాల బోర్డుల మీద తెలుగు పక్కన కన్నడం కూడా కనిపిస్తోంది. నీళ్ల ఒడ్డున ఒక గేదె కెమెరాను చూసి తల పక్కకు తిప్పుకుంటే, ఆమె అరగంట బతిమాలి ఇటు తిప్పించుకుంది. ఏడుపు పిల్లలను నవ్వించిన మనిషికి గేదె ఒక లెక్కా? ఒంటిగంటకల్లా పదకొండు పూర్తయ్యాయి.

పన్నెండోది దొరికిన చోటు చూసి ఆమె బండి దిగడం కూడా మరిచిపోయింది. రోడ్డు నుంచి మెల్లగా పైకెక్కే కందిచేను, పూతా కాతా కలిసి పచ్చగా పసుపుగా మెరుస్తోంది. గట్టు మీద ఒంటరి తుమ్మచెట్టు. వెనక నీలం ఆకాశంలో, ఎవరో తెచ్చి పెట్టినట్టు ఒకే ఒక్క మబ్బు. జగదీశ్ మొహాన కొట్టడానికి ఇంతకన్నా మంచిది దొరకదు. గబగబా ముక్కాలి స్టాండు నిలబెట్టింది.

"ఏయ్, ఆగు! ఎవలు నువ్వు?"

చేనుకు అడ్డంపడి ఒక ముసలామె కొడవలితో పరుగెత్తుకొస్తోంది. వచ్చి సరిగ్గా కెమెరా ముందు నిలబడి ఆయాసపడింది.

"ఎవలు పంపిన్రు నిన్ను? కొలుస్తున్నవా?"

"కొలుసుడేంది పెద్దమ్మా? ఫోటో తీస్తున్న. క్యాలెండర్‌కు. జర పక్కకు జరుగు."

"జరగ."

ప్రియదర్శిని తన అంబులపొదిలోని ఉద్యోగాలన్నీ తీసింది. గొడుగు పట్టమంది. పట్టనంది. లెన్సు మూత ఇచ్చింది. పుచ్చుకోలేదు. గాలి సంగతి అడిగితే, "గాలి నీకు తాకుతలేదా?" అని ఎదురడిగింది. ఆమె పేరు యాదమ్మ. రెండెకరాల ఆ చేను ఆమెది. జరగకపోవడానికి కారణం ఆమే చెప్పింది.

"పోయినేడు ఆఫీసోళ్లు ఇద్దరు వచ్చిన్రు బిడ్డా. గిసుంటి మూడుకాళ్ల కట్టెనే వెట్టిన్రు. మా పాలోళ్ల చేను ఫోటో గుంజుకపోయిన్రు. ఆ పొద్దు వాళ్లు దవాఖానకు పోయిన్రు, చేన్ల ఎవలు లేరు. ఫోటోల మనిషి లేడని కాయితంల ఖాళీ జాగ అని రాసిన్రు. అది దిద్దిచ్చుకునేతందుకు ఏడాది సంది ఆఫీసుల చుట్టు తిరుగుతున్నరు. మనిషి లేని ఫోటో తీస్తే మనిషి లేడనే రాస్తరు. నేనుంట. నన్ను వెట్టి తియ్యి."

"నేను ఆఫీసు మనిషిని గాదు పెద్దమ్మా. ఫోటోల మనిషి పడితె నేను పందెం ఓడిపోత."

"నువ్వు పందెం ఓడిపోతవ్. నేను చేను ఓడిపోత. ఏది పెద్దది?"

ముందే చెప్పాను కదా, ప్రియదర్శిని దగ్గర విద్య ఉంది. ముసలామెను పెట్టి ఫోటో తీసి, తర్వాత ఆమెను మాయం చేస్తే సరి. స్టూడియోలో అయిదు నిమిషాల పని. అరటిచెట్టు కూడా అక్కర్లేదు, చుట్టూ కందిచెట్లే ఉన్నాయి. వెంటనే మొహం చాటంత చేసుకుని, "సరే పెద్దమ్మా, నిలవడు" అంది.

యాదమ్మ చేను నడుమకు నడిచి, కొంగు నెత్తిన చుట్టుకుని, కొడవలి పట్టుకుని నిలబడింది.

"గదుమ జర పైకి!"

"నా చేన్ల నా గదుమ నా ఇష్టం" అని అక్కడినుంచే అరిచింది యాదమ్మ. ముప్పై ఏళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి.

తీశాక వచ్చి, చూపించమంది. చిన్న తెర మీదికి వంగి చాలాసేపు చూసింది. "గింత చిన్నగ పడ్డనా?"

"చేను పెద్దది గద పెద్దమ్మా."

"ఔ మల్ల. చేను పెద్దదే" అంది యాదమ్మ, అదేదో తనను పొగిడినట్టు మురిసిపోతూ. పచ్చి కందికాయలు ఒడినిండా తెంపి తెచ్చి స్కూటీ డిక్కీలో పోసింది. "క్యాలెండర్ల నేను పడ్తె ఖాళీ అని ఎవలు రాయరు. సల్లగుండు బిడ్డా." ప్రియదర్శిని ఆమె కళ్లలోకి చూడలేక బండి స్టార్ట్ చేసింది.

ఆ సాయంత్రం స్టూడియోలో అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు కొడవలి పోయింది, తర్వాత కాళ్లు, చివరికి నెత్తిన కొంగు. చేను నీటుగా మిగిలింది. టీ పట్టుకొచ్చిన చందర్ తెర చూసి ఈలవేశాడు. "మస్తున్నది! రేపు జగదీశ్ పని ఖతం."

ఖతమే. అయినా ఆమెకు టీ సహించలేదు. అంతకుముందు మాయం చేసినవాళ్లంతా చేయమని ఇంటివాళ్లు అడిగితేనే పోయారు. ఈమె పోనని చెప్పిన మనిషి. చెప్పి, నమ్మి, కందికాయలు పోసిన మనిషి. ఇంకోవైపు చర్చిలో అందరూ విరగబడి నవ్విన ఆ నవ్వు చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. రెండు ఫోటోలూ ప్రింటు తీసి, రెండూ సంచీలో పెట్టుకుంది. రేపు చూద్దాంలే అనుకుంది. నిజానికి ఏది బల్లమీద పెట్టబోతోందో ఆమెకు తెలుసు, అందుకే ఆ రాత్రి చందర్‌తో కూడా సరిగ్గా మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ప్రియదర్శిని పదకొండు ఫోటోలు వరసగా పేర్చి, పన్నెండోదిగా ఖాళీ కందిచేనును పెట్టింది. జగదీశ్ కళ్లజోడు సర్దుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కో ఫోటో మూలమూలా గాలించాడు. ఎక్కడా మనిషి దొరకలేదు. మంజీర ఒడ్డున గేదె దగ్గర ఆగి, "గిది?" అన్నాడు.

"బర్రె. అది అలగది" అంది ప్రియదర్శిని. అయ్యగారు ఈసారి కప్పు అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు.

జగదీశ్ పన్నెండో ఫోటో చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు. "ఒప్పుకున్ననక్కా. నువ్వు గెల్చినవ్. జనవరికి గిదే వేద్దం" అన్నాడు మనస్ఫూర్తిగా. ప్రియదర్శిని గుండె ఉబ్బింది. ఆ ఉబ్బు పూర్తిగా పొంగకముందే ఆయన గొంతు తగ్గించి, మీదికి వంగాడు.

"గీ జాగ ఏడక్కా? రోడ్డుకు ఆనుకోనే ఉన్నట్టున్నది. మంచిగ ఖాళీగున్నది. ఎవలదన్న ఉన్నదా, గట్లనే పడి ఉన్నదా?"

"పంట ఉన్నది గద" అంది ఆమె.

"పంటదేమున్నది, రెండు నెలలల్ల కోస్తరు. మనిషి కనవడ్తలేడు గద. మా బామ్మర్దిని ఒకపారి పోయి చూడుమంట."

ప్రియదర్శిని మొహం సిగ్గుతో ఎర్రబడింది. జగదీశ్ దుర్మార్గుడేం కాదు. ఫోటోలో ఏముందో అదే చదివాడు. రాసింది తాను. ఆమె లేచి, ఆయన చేతిలోని ఫోటో లాక్కుని రెండు ముక్కలు చేసింది. సంచీలోంచి రెండోది తీసి బల్లమీద పెట్టింది. చేను నడుమ చిన్నగా, కొడవలి పట్టుకుని, గదుమ తనకిష్టమైనంత పైకెత్తుకుని యాదమ్మ.

"ఖాళీ లేదు. గీమె ఉన్నది. నిన్న నేనే తీసేసిన, తప్పు నాదే."

జగదీశ్ చేతిలో ఇంకా ఫోటో ఉన్నట్టే వేళ్లు అలాగే ఉన్నాయి. "కాని అక్కా, తీర్మానం..." అన్నాడు, ఆ మాట అనడం తనకే ఇష్టం లేనట్టు.

వెస్లీ అయ్యగారు పుస్తకం తెప్పించి ఆ తీర్మానం పైకి చదివారు. చదివి, "ఇది ఎందుకు రాసుకున్నం? మనవాళ్లు అలుగుతరని. ఈమె మన సంఘంల మనిషి గాదు. ఈమె పడ్డదని అలిగేటోళ్లు ఎవలన్న ఉంటే చెప్పున్రి" అని అందరి మొహాలూ చూశారు. సగం మొహం తెగిన పెద్దాయన అందరికన్నా ముందు తల అడ్డంగా ఊపాడు. ఆయన ఊపాక ఇంకెవరికీ అలిగే ధైర్యం చాలలేదు. జగదీశ్ కలం తీసి, పాత తీర్మానం మీద, దాని కింది వరస మీద కూడా తన చేత్తోనే గీత కొట్టాడు.

"కింద ఏం రాయాలెనక్కా?" అని అడిగాడు మెల్లగా.

"యాదమ్మ చేను అని రాయి. సర్వే నంబరు గూడ వెయ్యి."

"క్యాలెండర్ మీద సర్వే నంబరా!"

"ఔ. వాక్యం పైన, నంబరు కింద. మీ బామ్మర్దికి గూడ ఒక కాపీ ఇయ్యి."

నవ్వుల్లో జగదీశ్ గొంతు కూడా కలిసింది, కాస్త ఆలస్యంగా. కానీ ఆ నంబరు ఎంతని అడిగితే ప్రియదర్శినికి తెలియదు. ఫోనులో అడుగుదామంటే యాదమ్మకు ఫోను ఉందో లేదో కూడా తెలియదు.

సోమవారం పొద్దున పాస్‌పోర్టు ఫోటోల కోసం వచ్చినవాళ్లకు దించి ఉన్న పీటర్ ఫోటో స్టూడియో షట్టర్ మీద అంటించిన కాగితం కనిపించింది. "చేను కాడికి పోయిన. రేపు రాండ్రి."